మావయ్యకు తొంభై నాలుగు మార్కులు

ఆ రోజుకు కోడలు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడున్నరకు మావయ్య ముందు కెమెరా పెట్టాలి. ఎనిమిదికి యంత్రానికి ఆయన చూపు నేర్పాలి. తొమ్మిదికి తను స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, పదకొండుకు వచ్చే డాక్టరమ్మ ముందు చేతులు వణక్కుండా నిలబడాలి. ఈ నాలుగు ముక్కలూ ముందురోజే ఒక పసుపుపచ్చ కాగితం మీద రాసి గోడకు అంటించింది. దాని కింద ఆమె భర్త పెన్సిలుతో ఇంకో వరస చేర్చాడు: "పదకొండున్నరకు భర్తకు ఫోన్ చేసి, గెలిచానని చెప్పాలి." పెళ్ళై నలభై రోజులే అయింది కాబట్టి ఆ వరసను ఆమె పొద్దుటి నుంచి ఆరుసార్లు చదువుకుంది. చదివిన ప్రతిసారీ ముందు ముసిముసిగా నవ్వుకుంది, ఆ వెనకే గడియారం చూసుకుంది.

కళ్ళ కదలికతో కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఆమెకు ఉద్యోగం. ఇలాంటి పనికి పెద్ద కంపెనీలు అమ్మే యంత్రాల్లో కంటికి కనబడని కాంతిని చిమ్మే దీపాలు, ప్రత్యేకమైన కెమెరాలు ఉంటాయి. అవి మామూలు ఇళ్ళ గడప తొక్కే రకం కాదు. ఏ దుకాణంలోనైనా దొరికే కెమెరాతో, వీడియో కాల్‌లో చుట్టాలకు చెయ్యి ఊపడానికి వాడే ఆ బుల్లి కెమెరాతో, అదే పని చేయించడం ఈమె పంతం. కెమెరాను తెర పైఅంచుకు బట్టల క్లిప్పుతో బిగించింది. తెర మీద తొమ్మిది గడులు. మనిషి ఏ గడి వైపు రెండు సెకన్లు చూస్తే ఆ గడిలో మాటను యంత్రం పైకి పలుకుతుంది. ఆ మాటలు భర్త గొంతుతోనే రికార్డు చేసింది. అప్పుడు అతనికి జలుబు. అందుకని యంత్రం "నీళ్ళు" అనాల్సిన చోట "దీళ్ళు" అంటుంది. ఆమెకు అది కూడా ముద్దుగానే ఉంది.

మావయ్య నలభై ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపిన మనిషి. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చి రెండు చేతులూ మాటా పోయాయి, మెడ కూడా సరిగా తిరగదు. కోడలికి భర్త పరిచయమయ్యేనాటికే ఆయన మాట పోయింది. అంటే మావయ్య గొంతు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. ఆయన కళ్ళు మాత్రం ఇల్లంతా ఆమె వెంట తిరుగుతాయి. ఆ చూపులో ఉన్నది ఇష్టమో, "ఈ పిల్ల ఎక్కణ్ణించి ఊడిపడిందిరా" అన్న విసుగో అంతుపట్టదు. భర్తను అడిగితే "నాన్న చూపే అంత, అందర్నీ ఫోకస్ చేస్తున్నట్టే చూస్తారు" అని నవ్వేశాడు. అతనికేం, ఎన్నైనా నవ్వుతాడు, కన్నకొడుకు. కోడలికి మాత్రం మావయ్య నుంచి ఒక్క మాట కావాలి. తిట్టైనా సరే.

ఆ మాట రావాలంటే, యంత్రాన్ని పరీక్షించడానికి వస్తున్న డాక్టరమ్మ సరేననాలి. ఆమె సరేనంటే ఆసుపత్రిలో ఇలాంటి ఇరవై మంది మంచాల దగ్గరకు ఈ తెర వెళ్తుంది. కాదంటే కంపెనీ ఈ పనికి తాళం వేసి, కంప్యూటర్‌ను వెనక్కి పట్టుకుపోతుంది. మావయ్య మళ్ళీ గోడకేసి చూస్తూ కూర్చుంటారు. నిన్నటి దాకా యంత్రం ఆయన చూపుకు వందకు యాభై ఎనిమిది మార్కులకు మించి వెయ్యలేదు.

భర్త ఆఫీసుకు బయల్దేరి అప్పటికి మూడోసారి వెనక్కి వచ్చాడు.

"ఏవండీ, మీరు వెళ్ళిపోయినట్టు గుర్తే?"

"పెన్ను మర్చిపోయాను."

"జేబులో ఉంది కదా!"

"అవునా? అయితే ఇంకేదో మర్చిపోయాను" అని చుట్టూ చూసి, ఏమీ దొరక్క, "భయపడకు ఇంజనీరమ్మా, నాన్న నీ పరువు తియ్యరు" అన్నాడు.

"మావయ్య తియ్యరు. కెమెరా తీస్తుందేమోనని నా భయం."

అతను మెట్లు దిగిపోయాక ఆమె మావయ్య కుర్చీని తెర ముందుకు జరిపింది. కుర్చీకి వెనక, కాస్త ఎడమగా, కిటికీ. తెర మీద తొమ్మిది చుక్కలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. మనిషి ఒక్కో చుక్కనే చూస్తూ పోతే, ఏ చుక్కను చూసినప్పుడు కంటిపాప ఎటు తిరిగిందో యంత్రం నేర్చుకుంటుంది. ఆ పాఠం సరిగా కుదరకపోతే ఆ తర్వాత ఎంత చూసినా దండగే.

"మావయ్యా, చుక్కని చూడండి. ఇదిగో, ఎర్ర చుక్క."

మావయ్య చుక్కను చూడలేదు. కళ్ళను ఎడమ కొసకు తిప్పి అక్కడే నిలిపారు.

"గాలాడట్లేదమ్మా ఆయనకి" అంది అత్తయ్య. కర్టెన్‌ను పూర్తిగా పక్కకు లాగి కిటికీ రెక్కలు బార్లా తెరిచింది. పొద్దుటెండ భళ్ళున గదిలోకి వచ్చి పడింది. మావయ్య ఒకసారి కళ్ళు గట్టిగా మూసి తెరిచారు. మళ్ళీ ఎడమ కొసకే తిప్పారు.

"ఇంకా కావాలా? ఉండండి" అని అత్తయ్య ఫ్యాను కూడా వేసింది. మావయ్య ఇక ఎటూ చూడకుండా ఒక నిట్టూర్పు విడిచారు.

అత్తయ్య స్టూలు లాక్కుని ఆయన పక్కనే కూర్చుంది. "నేనేం అల్లరి చెయ్యన్లే. ఎలా చేస్తారో చూస్తా. నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో దొరకట్లేదు, అందుకని కొంచెం దగ్గరగా జరుగుతా." ఆ కొంచెం అన్నది చివరికి ఎంతైందంటే, అత్తయ్య ముక్కుకూ తెరకూ మధ్య జానెడే మిగిలింది. కోడలు ఏదో అనబోయి ఊరుకుంది. అత్తగారిని స్టూలు మీంచి లేవమనడానికి నలభై రోజుల కాపురం చాలదు.

చుక్కలు వెలిగాయి. ఒకటి, రెండు, మూడు... తొమ్మిదీ అయ్యాయి. తెర ఒక క్షణం ఆలోచించి మార్కులు చూపించింది.

తొంభై నాలుగు!

కోడలు కెవ్వుమని అరిచి అత్తయ్యను కౌగిలించుకుంది. వెంటనే సిగ్గుపడి వదిలేసి, మళ్ళీ ఆగలేక ఇంకోసారి కౌగిలించుకుంది. "తొంభై నాలుగు అత్తయ్యా! ఆఫీసులో మా కళ్ళకి కూడా ఎనభై దాటలేదు!"

"ఆయనకి మొదట్నించీ చూపు మీదే కదమ్మా బతుకు" అంది అత్తయ్య గర్వంగా.

ఆ సంబరంలో కోడలు రెండు పనులు చేసింది. ఒకటి, కెమెరాకు ఏం కనబడుతోందో చూపించే చిన్న బొమ్మ తెర మూలన ఉంటే, దానివైపు చూడటం మర్చిపోయింది. రెండోది, ఒక మీట నొక్కింది. ఆ మీట నొక్కాక మావయ్య చూసిన ప్రతి మాటా ఆయన ఫోన్ నంబరు నుంచి ఇంటివాళ్ళ గ్రూపులోకి సందేశంగా వెళ్తుంది. మూడు నెలలుగా మూగబోయిన ఆ నంబరు నుంచి డాక్టరమ్మ ఎదుటే మొదటి మాట వెళ్ళాలని ఆమె ముచ్చట. "పదకొండు గంటలకి" అని మనసులో అనుకునే నొక్కింది. కానీ మనసులో అనుకున్నది చదివే యంత్రం ఆమె ఇంకా తయారుచెయ్యలేదు.

"అత్తయ్యా, స్నానం చేసి వస్తా. మావయ్యని చూస్తూ ఉండండి" అని ఫోన్‌ను పడగ్గదిలో చార్జింగుకు పెట్టి వెళ్ళింది.

వీపు మీద వెచ్చటి ఎండ, నడినెత్తిన ఫ్యాను గాలి. మావయ్య రెప్పలు బరువెక్కి మెల్లగా వాలిపోయాయి. అత్తయ్య అది గమనించలేదు. ఆమె తెర మీద కోడలు ఏం రాసిందో కూడబలుక్కుని చదువుతోంది. "నీ... ళ్ళు..."

"దీళ్ళు" అంది యంత్రం.

అత్తయ్య ఉలిక్కిపడింది. "నీళ్ళా? ఇప్పుడేగా తాగారు! సరే, ఉండండి" అని గ్లాసు తెచ్చి పెదవుల దగ్గర పెట్టింది. ఆయన తాగలేదు. "వద్దా? మరెందుకడిగారు?" అంటూ మళ్ళీ తెర మీదకు వంగింది. నీళ్ళ పక్క గడిలో రెండక్షరాల మాట. జోడు లేకపోతే ఒత్తులు బొత్తిగా ఆనవు. కళ్ళు చికిలించి చూసింది.

"దొప్పి" అంది యంత్రం.

"నొప్పా! ఎక్కడండీ? గుండెల్లోనా?" అత్తయ్య చూపు ఆ గడి మీదే బిగుసుకుపోయింది. "దొప్పి" అని యంత్రం ఇంకోసారి అంది. "అయ్యో, రెండోసారి! పిల్లని పిలిపించనా?" అంటూ కింది వరసకు చూసింది. "కూతుర్ని పిలవండి" అంది యంత్రం వెంటనే. "మీ తమ్ముణ్ణి కూడా రమ్మంటారా?" ఆమె చూపు పక్క గడికి జరిగింది. "తబ్బుణ్ణి పిలవండి."

ఇంత భయంలోనూ అత్తయ్య మనసు ఒక్కక్షణం చల్లబడింది. అడిగినవాటికి అడిగినట్టు ఔననడమే! నలభై ఏళ్ళ కాపురంలో ఇలాంటి రోజు ఒకటి వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. గొంతు తగ్గించి, "ఇంకా ఏమైనా చెప్పాలా, లేక ఇంతేనా?" అని అడిగింది. అడుగుతూ తెర నడిమధ్య చూసింది.

"చాలు" అంది యంత్రం.

అత్తయ్య స్నానాలగది తలుపు మీద రెండు చేతులతో బాదింది. "ఏమ్మా! మీ మావయ్య మాట్లాడుతున్నారమ్మా!"

లోపల నీళ్ళ చప్పుడులో కోడలు డాక్టరమ్మకు చెప్పాల్సిన ఉపన్యాసం వల్లె వేస్తోంది. ఆ కేక విని ఆమె గుండె పొంగిపోయింది. "మాట్లాడనివ్వండి అత్తయ్యా! అస్సలు ఆపకండి!" అని అరిచి ఇంకో చెంబు పోసుకుంది.

ఇక ఇంటివాళ్ళ గ్రూపులో జరిగింది ఇది. మొదట మావయ్య నంబరు నుంచి "నీళ్ళు" అని వచ్చింది. ఆడపడుచు ఏడుపు బొమ్మా నవ్వు బొమ్మా కలిపి పెట్టింది. చిన్నమావయ్య "అన్నయ్యకు అభినందనలు" అని పూలగుత్తి పంపాడు. భర్త ఆఫీసులో పక్క సీటాయనకు ఫోన్ చూపించి, "మా ఆవిడ చేసిందండీ" అంటుండగా "నొప్పి" వచ్చింది. మళ్ళీ "నొప్పి" వచ్చింది. తర్వాత "కూతుర్ని పిలవండి." ఆ వెంటనే "తమ్ముణ్ణి పిలవండి." చివరికి ఒంటరిగా "చాలు." ఆ మాట కింద ఎవరూ ఏ బొమ్మా పెట్టలేదు. అప్పటికి అందరూ వీధిలో ఉన్నారు.

కోడలు తల తుడుచుకుంటూ హాల్లోకి వచ్చేసరికి కాలింగ్ బెల్లు ఆగకుండా మోగుతోంది. తలుపు తీయగానే రెండు వీధుల అవతల ఉండే ఆడపడుచు, చేతిలో పదిరోజులకు సరిపడా బట్టల సంచితో, దాదాపు ఆమె మీద పడింది. వెనక ఆవిడ భర్త రొప్పుతూ నిలబడ్డాడు. చేతిలో థర్మామీటరు.

"నాన్నేరీ? ఎలా ఉన్నారు? అసలు... ఉన్నారా?"

"ఉన్నారు వదినా! మాట్లాడుతున్నారట కూడా. ఏమైంది?"

"ఏమైందా? ఫోన్ చూసుకోవా? ఇంట్లో మనిషి గుండెనొప్పంటుంటే తలంటుకుంటున్నావా?"

కోడలు పడగ్గదిలోకి పరిగెత్తింది. ఫోన్‌లో పందొమ్మిది మిస్‌డ్ కాల్స్. గ్రూపులో ఆ వరసంతా రెండుసార్లు చదివింది. తొంభై నాలుగు మార్కుల చూపు తప్పు చెప్పదు. అంటే మావయ్య నిజంగానే రెండుసార్లు నొప్పన్నారు. కూతుర్ని పిలవమన్నారు, తమ్ముణ్ణి పిలవమన్నారు. కోడల్ని పిలవమనలేదు. మాట్లాడటానికి ఆయనకు దారి వేసింది తను, తీరా ఆయన మాట్లాడుతుంటే తలుపేసుకుని ఉపన్యాసం వల్లె వేసిందీ తనే.

బయట ఇంకో కేక. చిన్నమావయ్య వచ్చాడు. మనిషి ఆరడుగుల పైచిలుకు, ఏడుపు అంతకంటే పొడవు. "అన్నయ్యా! నన్ను పిలిచావా అన్నయ్యా!" అని గుమ్మంలోంచే అందుకున్నాడు.

"ముందు లోపలికి పదండి, మెట్ల మీద జనం చూస్తున్నారు" అని చిన్నత్తయ్య వెనక నుంచి తోసింది.

"నా అన్నయ్య, నా ఏడుపు. నీకేంటి?"

"ఏడవండి, కాదన్నానా? లోపలేడవండి."

పదినిమిషాల్లో భర్త వచ్చాడు. అతని వెనక డాక్టరమ్మ, ఆమె వెనక స్ట్రెచర్ మోసుకుంటూ ఇద్దరు ఆసుపత్రి మనుషులు. "దారిలోంచే నేను ఫోన్ చేశాను" అన్నాడు భర్త, పాలిపోయిన మొహంతో. పదకొండుకు చేతులు వణక్కుండా నిలబడాలనుకున్న కోడలు, పదింపావుకే తడిజుట్టుతో నిలువెల్లా వణుకుతూ నిలబడింది.

డాక్టరమ్మ ఎవరినీ పలకరించలేదు. మావయ్య చెయ్యి పట్టుకుని నాడి చూసింది, బీపీ చూసింది, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. గదిలో ఊపిరి తీసింది ఆమె ఒక్కతే. చివరికి చెవుల్లోంచి గొట్టం తీసి, "నిద్రపోతున్నారు" అంది.

"ఎప్పటికీనా?" అన్నాడు చిన్నమావయ్య.

"కాసేపటికి. లేపితే లేస్తారు."

లేపక్కర్లేకుండానే మావయ్య కళ్ళు తెరిచారు. ఎదురుగా ఏడ్చి ఉబ్బిన మొహాలు, స్ట్రెచర్, థర్మామీటరు. ఆయన ఒక్కొక్కరినే తీరిగ్గా చూసి, కళ్ళను మళ్ళీ ఎడమ కొసకు తిప్పారు.

అత్తయ్యకు ఇది నచ్చలేదు. "నిద్రేంటి డాక్టరుగారూ, ఇప్పటిదాకా నాతో నిక్షేపంలా మాట్లాడితేనూ! ఇదిగో, ఈ గడి చూసి, ఆ గడి చూసి..." అంటూ తెర మీదకు వంగి చూపించబోయింది.

"డాక్టర్ని పిలవండి" అంది యంత్రం.

"వచ్చాను కదా" అంది డాక్టరమ్మ. వెంటనే ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "ఆగండి. ఈయన తెర వైపు చూడట్లేదు. మరి మాట ఎక్కణ్ణించి వచ్చింది?"

భర్త మెల్లగా తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వడిగినదానికి నాన్న ఔనన్నారా?"

"అన్నార్రా! పిల్లని పిలవనా అంటే పిలవమన్నారు, తమ్ముణ్ణి అంటే తమ్ముణ్ణన్నారు, ఇంతేనా అంటే చాలన్నారు."

"మూడిటికీనా?"

"మూడిటికీ."

"వరసగా?"

"వరసగా!"

"అయితే అది నాన్న కాదు" అన్నాడు భర్త.

కూతురు తలూపింది. తమ్ముడు కన్నీళ్ళు తుడుచుకుని మరీ తలూపాడు.

కోడలు అప్పుడు చూసింది, తెర మూలన ఉన్న ఆ చిన్న బొమ్మను. వెనక కిటికీ వెలుగు ముంచెత్తుతుంటే మావయ్య మొహం బొగ్గుముద్దలా నల్లగా ఉంది. కెమెరాకు అసలు అక్కడ మనిషి ఉన్నట్టే తెలియలేదు. తెర వెలుగు పడి తళతళలాడుతున్న పెద్ద మొహం ఒకటి పక్కన దొరికితే దాని చుట్టూ ఆకుపచ్చ గీత గీసి కూర్చుంది. అది అత్తయ్య మొహం.

"తొంభై నాలుగు... అత్తయ్యవి" అంది కోడలు.

"నావా?" అత్తయ్య మొహం వెలిగింది. "బళ్ళో కూడా నాకు డెబ్బై దాటలేదే!"

డాక్టరమ్మ నవ్వలేదు. స్టెతస్కోపు మడిచి సంచిలో పెట్టుకుంది. "చూడమ్మా, నువ్వు కష్టపడ్డావు, కాదనను. కానీ ఈయన నిద్రలో ఉండగా ఈ యంత్రం ఈయన పేరు మీద నొప్పంది, చాలంది. పక్కనెవరుంటే వాళ్ళ మాట తెచ్చి రోగి నోట్లో పెడుతోంది. మాట లేకపోవడం కష్టమే. తనది కాని మాట తన మాటగా చలామణీ కావడం అంతకంటే ఘోరం కదా? మా వార్డులో దీన్నెలా పెట్టమంటావ్?"

అందులో ఒక్క అక్షరం కాదనడానికి లేదు. కోడలు తల వంచుకుని కంప్యూటర్ ఆపడానికి చెయ్యి చాచింది. ఆపే ముందు మావయ్యకు క్షమాపణ చెప్పుకోవాలనిపించి ఆయన మొహంలోకి చూసింది. ఆయన కళ్ళు ఎడమ కొసనే ఉన్నాయి. పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాయి. ఈ చూపు ఎటు పోతోందో కెమెరాతో కొలవడానికి నలభై రోజులు తంటాలు పడింది కానీ, తన కళ్ళతో తాను ఆ వైపు ఒక్కసారీ చూడలేదు. ఇప్పుడు చూసింది.

కిటికీ.

"మావయ్యా! వెలుతురా? వెలుతురు వెనకుందనా?"

మావయ్య ఒకసారి రెప్ప వేశారు. ఎంత నెమ్మదిగా వేశారంటే, ఆ ఒక్క రెప్పపాటులో నలభై ఏళ్ళ స్టూడియో ఓపికంతా కనబడింది.

"డాక్టరుగారూ, పది నిమిషాలు!" అంటూనే ఆమె కిటికీ మీదకు ఉరికింది. కర్టెన్ లాగింది. భర్త కుర్చీ తిప్పాడు. కిటికీ ఇప్పుడు ఆయనకు పక్కకు వచ్చింది. పలచని కర్టెన్‌లోంచి వడకట్టినట్టు వెలుగు వచ్చి ఆయన మొహం మీద మెత్తగా పడింది. తెర మూలన చిన్న బొమ్మలో బొగ్గుముద్ద పోయి, కళ్ళూ కనుబొమలూ ఉన్న మనిషి వచ్చాడు.

తొమ్మిది చుక్కలూ మళ్ళీ వెలిగాయి. ఈసారి అత్తయ్యను కూతురు చెయ్యి పట్టుకుని గోడదాకా లాక్కుపోయింది. మార్కులు వచ్చాయి. డెబ్బై ఒకటి.

"తగ్గాయే" అంది అత్తయ్య గోడ దగ్గర నుంచి.

"తగ్గితే తగ్గాయి. ఇవి ఆయనవి" అంది కోడలు. "మీరంతా కెమెరాకి కనబడకుండా ఇటు వచ్చేయండి, దయచేసి..."

"వద్దు" అంది డాక్టరమ్మ. "అందరూ ఆయన వెనకే నిలబడండి. మా వార్డు ఖాళీగా ఉండదు. చుట్టాలుంటారు, నర్సులుంటారు. ఇంతమంది మొహాల్లో ఆయన మొహాన్నే పట్టుకుంటుందో లేదో చూద్దాం."

అందరూ ఆయన కుర్చీ వెనక గుంపుగా చేరారు. కోడలు తెర పక్కకు జరిగింది. మావయ్య "అక్షరాలు" అన్న గడిని చూశారు. అక్షరాల పలక తెరుచుకుంది. అందులో ముందు వరసను చూడాలి, తర్వాత అక్షరాన్ని, ఆపైన గుణింతాన్ని. ఒక్క మాట కూడేసరికి మూడు నిమిషాలు పడుతుంది. మొదటి అక్షరం పడింది. "జ."

"జ్వరం!" అన్నాడు చిన్నమావయ్య.

"లేదు, ఇందాకే చూశాను" అన్నాడు థర్మామీటరాయన.

"ర." తర్వాత "గ."

"జరగ... జరగరానిది ఏమైనా జరిగిందా నాన్నా?" అంది కూతురు.

"చెప్పనివ్వవే!" అంది అత్తయ్య.

చివరి అక్షరాలు కూడా పడ్డాయి. భర్త పైకి చదివాడు. "జరగండి."

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కిటికీకి అడ్డంగా నిలబడ్డది డాక్టరమ్మ. ఆమెకే ముందు అర్థమై, రెండడుగులు పక్కకు జరిగింది. ఆగిపోయిన వెలుగు మళ్ళీ గదిలోకి వచ్చింది. మావయ్య చూపు తెర మూలన ఉన్న చిన్న బొమ్మ మీదకు వెళ్ళింది, ఆ బొమ్మలో కిక్కిరిసిన తన వాళ్ళ మీదకు వెళ్ళింది, మళ్ళీ అక్షరాల మీదకు వచ్చింది. ఈసారి ఆరు నిమిషాలు పట్టింది. "పొడుగు వెనక్కి."

"నన్నే!" అన్నాడు చిన్నమావయ్య. ఏడుపు గొంతు మారి ఎగిరి గంతేసినట్టైంది. "అన్నయ్య ఫోటో తీస్తున్నాడు! వదినా, అన్నయ్య ఫోటో తీస్తున్నాడు!" అంటూ వెళ్ళి స్ట్రెచర్ మనుషుల మధ్య నిలబడ్డాడు.

ఇక గదిలో ఎవరూ కదల్లేదు. కోడలు ఒక్కతే ఇవతల, కెమెరాకు కనబడకుండా తెర పక్కన నక్కి, ఆకుపచ్చ గీత ఎవరి మొహం మీద ఉందో చూసుకుంటోంది. గీత మావయ్యను వదలలేదు. ఇంకో అక్షరం పడింది. "కో."

"కోపం" అంది ఆడపడుచు టక్కున. "కోపమొచ్చింది నాన్నకి. రాదూ మరి?"

కోడలి ప్రాణం చివుక్కుమంది. కోరుకున్నదే అయింది. తిట్టైనా సరేననుకుంది కానీ, అది అక్షరం తర్వాత అక్షరం, అందరి ముందూ, ఇంత నింపాదిగా వస్తుందనుకోలేదు. కళ్ళు మూసుకుంది. రెండో అక్షరం పడిన చప్పుడు, మూడోది, ఆపైన ఇంకా ఏవేవో. చదవాల్సిన భర్త ఎంతకీ చదవడం లేదు.

"చదవండీ" అంది కళ్ళు తెరవకుండానే.

"నువ్వే చూడు" అన్నాడు భర్త.

చూసింది. "కోడలు ముందుకి" అని ఉంది.

"నిల్చున్నావేంటమ్మా? పిలుస్తుంటేనూ!" అంది అత్తయ్య.

ఆమె తడిజుట్టుతో, ఇస్త్రీ చెయ్యని బట్టలతో వెళ్ళి మావయ్య కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. చెయ్యి చాచి, పది సెకన్ల తర్వాత ఫోటో తీసే మీట నొక్కబోయింది. కానీ మావయ్య ఇంకా పూర్తిచెయ్యలేదు. తెర మూలన బొమ్మలో ఆమె మొహాన్ని చూసి, ఆయన మరో మాట కూర్చడం మొదలుపెట్టారు. చిన్నమావయ్య కాళ్ళు మార్చుకున్నాడు. స్ట్రెచర్ మనుషులు గోడకు ఆనబోతే చిన్నత్తయ్య కసిరింది. న పడింది, వ పడింది, కింద ఒత్తు పడింది.

"నవ్వు" అని చదివాడు భర్త. "నిన్నే. ఏడవకు, నవ్వమంటున్నారు."

ఆమె ఏడుపూ నవ్వూ కలిసిపోయిన మొహంతో మీట నొక్కింది.

డాక్టరమ్మ కిందికి వెళ్ళి వ్యాన్‌లో కూర్చున్నాక, ఆసుపత్రి కాగితం మీద "పరికరం పనితీరు" అన్న గడి నింపింది: "గదిలో పదకొండు మంది ఉండగా రోగి ఒక్కరి మాటే విన్నది. తక్కిన పదిమందిమీ కూడా ఆయన మాటే విన్నాము."